ఎఫ్ షార్ప్, ఏ షార్ప్, ఇన్ఫినిటీ: వినేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

బల్లార్‌షా రైల్వే క్వార్టర్లకు వెనక వీధిలో, మా ఇంటి ముందు గదిలో, నెలకొక ఆదివారం సాయంత్రం కొందరం కూర్చుని ఒక ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వింటాము. వచ్చేవారిలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, స్టేషన్‌లో హిందీ. తండ్రులో తాతలో కాగితపు మిల్లు కోసం, బొగ్గు గనుల కోసం, రైల్వే ఉద్యోగం కోసం సిర్పూర్, మంచిర్యాల వైపు నుంచి వచ్చి చంద్రపూర్ జిల్లాలో స్థిరపడ్డవారే. కెనడాకు చెందిన గాడ్‌స్పీడ్ యూ! బ్లాక్ ఎంపరర్ అనే బ్యాండ్ 1997లో విడుదల చేసిన ఈ ఆల్బమ్‌కు వచ్చినన్ని సందేహాలు మరి దేనికీ రాలేదు. అవే ప్రశ్నలను ఫోనులోనూ, ప్లాట్‌ఫారం మీదా, పెళ్లి భోజనాల దగ్గరా పదే పదే విన్నాక, అడిగినవారి మాటల్లోనే ప్రశ్నలను పెట్టి జవాబులు రాశాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన చోటి నుంచి చదువుకోవచ్చు.

## వినడానికి ముందు

ఈ పేరు ఎలా పలకాలి? ఆ గుర్తులకు అర్థం ఏమైనా ఉందా?

అట్ట మీద రెండు స్వరాల గుర్తులూ, పక్కన పడుకోబెట్టిన ఎనిమిది వంటి అనంతం గుర్తూ మాత్రమే ఉంటాయి. దానిని ఎఫ్ షార్ప్, ఏ షార్ప్, ఇన్ఫినిటీ అని పలుకుతారు. ఎఫ్ షార్ప్ అంటే మన హార్మోనియం వాయించేవారి లెక్కలో నాలుగున్నర శ్రుతి, ఏ షార్ప్ అంటే ఆరున్నర. నాలుగున్నరను షడ్జంగా పెట్టుకుంటే ఆరున్నర దగ్గర అంతర గాంధారం పలుకుతుంది కనుక, ఈ పేరును ఇంట్లో హార్మోనియం మీదనే నొక్కి వినవచ్చు. ఎల్పీ రికార్డు రెండు పక్కలూ ఏ స్వరాల దగ్గర మొదలవుతాయో మొదటి రెండు గుర్తులు చెబుతాయనీ, మూడవది రికార్డు చివర ఉన్న, తనంతట తాను ఆగని గాడిని సూచిస్తుందనీ వివరణ. పేరు చూసి ఏదో గూఢార్థం ఉందనుకుని బెదిరేవారున్నారు. నిజానికి ఇంత సూటిగా తనలో ఏముందో చెప్పే పేరు రాక్ సంగీతంలో అరుదు.

ఈ బ్యాండ్ వాళ్లు ఎవరు? పేరు మధ్యలో ఆ ఆశ్చర్యార్థకం ఏమిటి?

కెనడాలోని మాంట్రియల్ నగరంలో 1994లో ఎఫ్రిమ్ మెనుక్, మైక్ మోయా, మౌరో పెజ్జెంటే అనే ముగ్గురు దీనిని మొదలుపెట్టారు. మోటారు సైకిళ్ల ముఠా ఒకదాని మీద జపాన్ దర్శకుడు మిట్సువో యానగిమాచి 1976లో తీసిన డాక్యుమెంటరీ నుంచి పేరు తీసుకున్నారు. బ్యాండ్ మొదలైన 1994లోనే ఒక క్యాసెట్‌ను కేవలం 33 ప్రతులు చేసి పంచారు. ఈ ఆల్బమ్ నాటికి మనుషులు పెరిగారు. గిటార్లు, బేస్ గిటార్లు, డ్రమ్ములతో పాటు వయొలిన్, చెల్లో కూడా చేరాయి. ఆశ్చర్యార్థకం అప్పట్లో పేరు చివర ఉండేది. 2002 ప్రాంతంలో దానిని మధ్యకు జరిపారు. పాత అట్టలకూ కొత్త అట్టలకూ ఆ తేడా కనబడితే అది నకిలీ ప్రతి అని అనుమానించవలసిన పని లేదు.

ఎల్పీ వేరు, సీడీ వేరు అంటున్నారు. ఏది అసలైనది?

రెండూ అసలైనవే, కాని రెండూ ఒకటి కావు. ఈ ఒక్క సంగతి తెలియక మా గదిలో ఒకసారి ఇద్దరు మిత్రులు, తాము విన్నది వేర్వేరు వస్తువులన్న ఎరుక లేకుండానే, అరగంట సేపు వాదించుకున్నారు. 1997 ఆగస్టులో మాంట్రియల్‌కే చెందిన కాన్‌స్టలేషన్ అనే చిన్న సంస్థ దీనిని ఎల్పీగా, మొదటి విడతలో కొన్ని వందల ప్రతులు మాత్రమే, తెచ్చింది. అందులో పక్కకు ఒకటి చొప్పున రెండే పొడవైన భాగాలు, మొత్తం నలభై నిమిషాల లోపు. మొదటి పక్క పేరు నెర్వస్, శాడ్, పూర్. రెండవ పక్క పేరు బ్లీక్, అన్‌సర్టెన్, బ్యూటిఫుల్. మరుసటి ఏడాది, 1998లో, చికాగోలోని క్రాంకీ అనే సంస్థ సీడీ తెచ్చినప్పుడు బ్యాండ్ పాత సరుకునే దించలేదు. ఉన్నదానిని విడగొట్టి, కొత్తవి చేర్చి, వరుస మార్చి మూడు భాగాలు చేసింది: సుమారు 16 నిమిషాల ది డెడ్ ఫ్లాగ్ బ్లూస్, 18 నిమిషాల ఈస్ట్ హేస్టింగ్స్, 29 నిమిషాల ప్రావిడెన్స్. అన్నీ కలిపి 63 నిమిషాలు.

ఇంటర్నెట్‌లో మనకు సాధారణంగా దొరికేది సీడీ రూపం. మొదటిసారి వినేవారికి నేను కూడా దానినే సూచిస్తాను, ఎందుకంటే దానిలో ఊపిరి తీసుకునే చోటు ఎక్కువ. అయితే ఎల్పీ రూపం బిగువైనది, అనవసరమైన మెతుకు ఒక్కటి లేనిది. పదేళ్ల తర్వాత కూడా నేను తిరిగి తిరిగి వెళ్లేది దాని దగ్గరికే.

రాక్ అన్నారు. పాడేవాళ్లే లేరు కదా, ఇది రాక్ ఎలా అవుతుంది?

వాయిద్యాలు రాక్‌వి, వాడుక రాక్‌ది కాదు. పల్లవి, చరణం, గాయకుడు, మూడు నిమిషాల నిడివి అనే కట్టుబాట్లను వదిలి, గిటారును రాగం పలికించడానికి కాక వాతావరణం పరచడానికి వాడే ధోరణికి 1994లో సైమన్ రేనాల్డ్స్ అనే విమర్శకుడి రాతల ద్వారా పోస్ట్ రాక్ అన్న పేరు స్థిరపడింది. కచేరీలకు అలవాటుపడ్డ చెవికి ఇది అంత పరాయిది కాదు: తంబురా వంటి నిలకడైన మీటు మీద ఒక చిన్న స్వరగుచ్ఛం విలంబంలో మొదలై, తిరిగి తిరిగి వచ్చి, డ్రమ్ములు చేరేకొద్దీ ద్రుతానికి ఎక్కి, ఒక్కసారిగా కూలుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ మనోధర్మం ఒక విద్వాంసుడిది కాదు, గుంపుది. ఎవరూ ముందుకు వచ్చి తన చేతివాటం చూపించరు.

ఎప్పుడు, దేని మీద వినాలి?

పగలు వద్దు. ఎండాకాలంలో మన దగ్గర పగలంతా కూలరు హోరే వినబడుతుంది, ఈ ఆల్బమ్‌లోని మొదటి నిమిషాలు ఆ హోరులో పూర్తిగా మునిగిపోతాయి. రాత్రి పది దాటాక, సాధారణమైన వైరు ఇయర్‌ఫోన్ ఉన్నా చాలు. చిన్న బ్లూటూత్ డబ్బాల్లో బేస్ గిటారు పోయి వయొలిన్ మాత్రమే మిగులుతుంది కనుక వాటికన్నా ఇయర్‌ఫోనే నయం. శబ్దాన్ని మొదట్లోనే బాగా పెంచి పెట్టుకోకండి, పదిహేను నిమిషాల తర్వాత చెవులు పట్టుకోవలసి వస్తుంది.

ఇంగ్లిష్ సరిగా రాదు. అర్థమవుతుందా?

అవుతుంది. 63 నిమిషాల్లో మాట వినిపించేది కొద్ది నిమిషాలే.

## వింటున్నప్పుడు

మొదట్లో మాట్లాడే మనిషి ఎవరు? ఏం చెబుతున్నాడు?

ది డెడ్ ఫ్లాగ్ బ్లూస్ ప్రారంభంలో వినిపించే ఆ గంభీరమైన మగ గొంతు చదివేది ఎఫ్రిమ్ మెనుక్ రాసిన, పూర్తికాని ఒక సినిమా కథనంలోని భాగం. అందులో ఒక నగరం కూలుతూ ఉంటుంది. నడిపేవాడు లేకుండా మంటల్లో ఉన్న కారుతో మొదలవుతుంది. ప్రభుత్వం చెడిపోయిందంటాడు, మనందరం ఒక యంత్రం కడుపులో చిక్కుకున్నామంటాడు, కర్రల చివర జెండాలు చచ్చిపడి ఉన్నాయంటాడు. ఆ జెండాలే పాటకు పేరయ్యాయి. అంత విధ్వంసం మధ్యలో ఒక జంట ఉంటుంది. ఇవే చివరి రోజులన్న మాటను అతడు భయంతో చెప్పడు, దాదాపు ప్రేమతో చెబుతాడు.

గొంతులో నటన లేకపోవడాన్ని గమనించండి. మన స్టేషన్‌లో అర్ధరాత్రి బండి నాలుగు గంటలు ఆలస్యమని ప్రకటించే గొంతుకు ఉండే నిర్లిప్తతే దానికీ ఉంది. వార్త ఎంత చెడ్డదైనా స్వరం మారదు. గొంతు కింద మెల్లగా వయొలిన్, చెల్లో చేరతాయి. మాటలు ఆగిపోయాక, మనసులో మిగిలినదానిని వాద్యాలు పూర్తి చేస్తాయి.

మధ్యలో వచ్చేది నిజంగా రైలు చప్పుడేనా? ఆల్బమ్‌లోదో మన స్టేషన్‌దో తెలియడం లేదు.

నిజమైన రైలే. ది డెడ్ ఫ్లాగ్ బ్లూస్‌లోని ఆ భాగం పేరే స్లో మూవింగ్ ట్రైన్స్, అంటే మెల్లగా కదిలే బళ్లు. మాంట్రియల్‌లోని మైల్ ఎండ్ అనే పేటలో, రైలు పట్టాలకు దగ్గరలో ఉన్న పాత గిడ్డంగి వంటి స్థలంలో ఈ బ్యాండ్ ఉంటూ, సాధన చేస్తూ, రికార్డు చేస్తూ వచ్చింది. ఆ స్థలానికి హోటల్ టూ టాంగో అని పేరు పెట్టుకున్నారు. అది హోటల్ కాదు. ఆ పేట పిన్‌కోడ్ మొదటి మూడు అక్షరాలైన హెచ్, 2, టీలను వైర్‌లెస్ భాషలో పలికితే వచ్చే మాట.

బల్లార్‌షాలో ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది, రావడం న్యాయమే. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే పెద్ద లైను మన ఇళ్ల పక్కనుంచే పోతుంది. ఒక ఆదివారం ఈ భాగం నడుస్తూ ఉండగా, అవుటర్లో నిలబడ్డ బొగ్గు గూడ్సు ఒకటి కదిలింది. కప్లింగులు ఇంజను వైపు నుంచి గార్డు డబ్బా వైపు వరుసగా బిగుసుకుంటూ పోయే ఆ టకటకలు కిటికీలోంచి వచ్చి, స్పీకరులోని చక్రాల మోత మీద పడ్డాయి. గదిలో ఉన్న ఏడుగురిలో ఒక్కరూ ఏది ఏదో విడదీసి చెప్పలేకపోయారు. రైల్వేలో ముప్పై ఏళ్లు గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన మాత్రం కాసేపు తల వంచుకుని విని, పెట్టెలో ఉన్నది డీజిల్ బండి, బయట ఉన్నది కరెంటు బండి అన్నారు. ఆయన చెప్పింది ఎంతవరకు సరైనదో నేను పరీక్షించలేదు.

రెండో దాంట్లో వీధిలో అరుస్తున్న ఆయన ఎవరు?

వీధి మూలన నిలబడి మతబోధ చేసే ఒక బోధకుడు. అతడి అరుపుల వెనక, మొదటి భాగంలో విన్న వరుసనే తిత్తి సన్నాయి వంటి బ్యాగ్‌పైప్ మీద ఎవరో వాయిస్తూ ఉంటారు. ఈస్ట్ హేస్టింగ్స్ అనేది కెనడా పడమటి తీరంలోని వాంకోవర్‌లో ఒక వీధి పేరు. పేదరికం, మాదకద్రవ్యాల వాడకం, ఇల్లులేనితనం ఒకచోట పోగుపడ్డ పేటగా దానికి పేరు. ఆ పదిహేడు, పద్దెనిమిది నిమిషాలను ఆ వీధిలో ఒక నడకగా వినండి. బోధకుడి మాటలు అర్థం కాకపోయినా నష్టం లేదు, సంతలో నడిచేవాడికి అన్ని గొంతులూ ముక్కలుగానే కదా వినబడేది.

ఇది ఏదో జాంబీ సినిమాలో విన్నట్టుంది. నిజమేనా?

నిజమే. డానీ బాయిల్ 2002లో తీసిన 28 డేస్ లేటర్‌లో, నిర్మానుష్యమైన లండన్ వీధుల్లో కథానాయకుడు ఒంటరిగా నడిచే దృశ్యానికి ఈస్ట్ హేస్టింగ్స్‌లోని ది శాడ్ మాఫియోసో అనే భాగాన్ని కుదించి వాడుకున్నారు. ఆ సినిమా సౌండ్‌ట్రాక్ ఆల్బమ్‌లో మాత్రం ఇది ఉండదు, అందుకే అందులో వెదికి దొరకలేదని అడిగేవారు ఎక్కువ. సినిమాలో అది కొద్ది నిమిషాల్లోనే పతాక స్థాయికి చేరుతుంది. ఆల్బమ్‌లో మాత్రం అక్కడికి చేరడానికి పట్టే కాలమే అసలు విషయం.

మూడోది మధ్యలో ఆగిపోయింది. ఫైలు పాడైందా?

పాడవలేదు. ప్రావిడెన్స్ చివరి భాగంలో సంగీతం ముగిసినట్టు ముగిసి, కొన్ని నిమిషాలు పూర్తి నిశ్శబ్దం ఉంటుంది. ఆ తర్వాత అట్ట మీద కనిపించని ఒక చిన్న ముగింపు వస్తుంది. బ్లూస్ గాయకుడు జాన్ లీ హుకర్ పేరులోని పొడి అక్షరాలతో దానిని జె.ఎల్.హెచ్. అవుట్రో అంటారు. సీడీల కాలంలో ఇటువంటి దాగిన పాటలు వాడుకలో ఉండేవి. పాట అయిపోయిందనుకుని సీడీ తీయడానికి లేవబోయేవారికి అది ఒక కానుక.

దీనివల్ల నేను స్వయంగా మోసపోయాను. చాలా ఏళ్ల కిందట మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించి ఇచ్చే దుకాణం ఒకదాని నుంచి నాకు దొరికిన ప్రతిలో, ఖాళీగా ఉంది కదా అని ఎవరో ఆ నిశ్శబ్దాన్నీ, దానితో పాటు దాని వెనక ఉన్నదానినీ కత్తిరించేశారు. రెండేళ్లు ఆ కత్తిరించిన ప్రతినే అసలు అనుకుని విన్నాను. మీ దగ్గరున్న మూడవ ట్రాక్ నిడివి 29 నిమిషాలకు చాలా తక్కువగా ఉంటే మీకూ అదే జరిగి ఉంటుంది. నిశ్శబ్దం వచ్చినప్పుడు ముందుకు జరపకండి. పెద్ద చప్పుడు తర్వాత చెవి తిరిగి మామూలు స్థితికి రావడానికి కొంత సమయం కావాలి. అప్పుడే పక్క గదిలోని గడియారమూ, దూరపు కుక్క అరుపూ వినబడతాయి. ముగింపు వాటి మధ్య నుంచి వస్తేనే బాగుంటుంది.

ప్రపంచం అంతమవుతుందా అని అడిగే ఇంటర్వ్యూ ఎక్కడిది? భయపెట్టడానికా?

ప్రావిడెన్స్ ఆరంభంలో ఒక సామాన్యుడిని ఈ ప్రశ్న అడుగుతారు. నదులు ఎండిపోతున్నాయనీ, వడ్డీలు పెరిగి షేర్ల ధరలు పడ్డాయనీ, అంతం దగ్గరపడిందనీ బోధకుడు చెబుతున్న మాటలను అతడు వరుసగా అప్పజెబుతాడు. ఆ తర్వాత, అవి బోధకుడి మాటలని, తాను మాత్రం వాటిని పట్టించుకోనని తేల్చేస్తాడు. ఈ ఆల్బమ్‌ను నిరాశావాదం అని కొట్టిపారేసేవారు ఆ చివరి వాక్యం వినకముందే లేచి వెళ్లినవారని నా అనుమానం. ఊళ్లో టీకొట్టు దగ్గర రోజూ కలికాలం గురించి చెప్పి, మర్నాడు పొద్దున్నే డ్యూటీకి సమయానికి వెళ్లే మనుషులు మనకు తెలుసు. ఆయన ఆ కోవకు చెందినవాడు.

ఏమేం వాయిద్యాలు వాడారు? కొన్ని చప్పుళ్లు గిటారులా లేవు.

గిటార్లు, రెండు బేస్ గిటార్లు, రెండు డ్రమ్ముల జతలు, వయొలిన్, చెల్లో, లోహపు పలకలను చిన్న సుత్తులతో మోగించే గ్లాకెన్‌స్పీల్, వీటితో పాటు టేపు చుట్లు. మీరు గుర్తుపట్టలేకపోయిన ఆ లోహపు మూలుగు చాలా చోట్ల గిటారే. మెనుక్ తీగల మీద స్క్రూడ్రైవర్‌ను రాస్తూ వాయిస్తాడు. మెట్ల మీద ఆగని ఆ జారుడు శబ్దం మన వీణలో గమకం తీసే చేతికి తోబుట్టువు కాకపోయినా దూరపు చుట్టమే.

ఇంట్లో పెద్దవాళ్లు ఇదేం ఏడుపు అంటున్నారు. ఏం చెప్పాలి?

వాదించకండి. మా అమ్మ కూడా మొదటిసారి వంటింట్లోంచి వచ్చి, ఎవరింట్లో ఏమైందిరా అని అడిగింది. ఆమెకు ది డెడ్ ఫ్లాగ్ బ్లూస్ చివరి రెండు నిమిషాలు వినిపించాను. అక్కడ గ్లాకెన్‌స్పీలూ వయొలినూ కలిసి, చిన్న పిల్లలు గెంతుతున్నట్టు తేలికైన వరుస ఒకటి వాయిస్తాయి. అంతసేపు ఏడ్చి ఇప్పుడు నవ్వుతారేం అంది కాని, నిలబడి చివరిదాకా విన్నది.

రికార్డు చివర ఒకే ముక్క తిరుగుతూనే ఉంది. ప్లేయరు చెడిందా?

చెడలేదు. మామూలు రికార్డులో గాడి అంచు నుంచి మధ్యకు పాములా చుట్టుకుంటూ పోయి, పాట అయ్యాక లోపలి ఖాళీ చుట్టులోకి సూదిని చేరుస్తుంది. ఈ ఎల్పీ రెండవ పక్క చివర మాత్రం శబ్దం ఉన్న గాడినే వలయంగా మూసేశారు. సూది అందులో పడితే బయటికి దారి లేదు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డు మీద ఒక చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది కనుక ఆ 1.8 సెకన్ల తీగ వాద్యాల ముక్క మీరు లేచి సూది ఎత్తేవరకూ వస్తూనే ఉంటుంది. పేరులోని అనంతం ఇదే. దానంతట అదే చేయి వెనక్కి తెచ్చే ఆటోమేటిక్ ప్లేయర్లలో కొన్ని ఆ వలయం మొదలవగానే సూదిని ఎత్తేస్తాయి. అటువంటి ప్లేయరున్నవారు ఆ అనుభవం దొరకలేదని రికార్డును తప్పుపట్టకూడదు. వింటూ నిద్రపోయే అలవాటుంటే జాగ్రత్త, తెల్లవార్లూ ఒకే గాడిలో తిరిగితే సూదీ అరుగుతుంది, గాడీ అరుగుతుంది.

## విన్న తర్వాత

ఇంత చీకటి ఎందుకు? వాళ్లకు అంత కష్టం ఏమొచ్చింది?

ఈ ఆల్బమ్‌లో ఎవరి సొంత గోడూ లేదు. తొంభైలలో మాంట్రియల్‌లో ఇంటి అద్దెలు చవకగా ఉండి, పని దొరకడం కష్టంగా ఉన్న కాలంలో, ఖాళీ పడ్డ కర్మాగారాల మధ్య చేసిన సంగీతం ఇది. పగలు చూసినవాటినే రాత్రి వాయించారు. బొగ్గు ధూళి ఆరేసిన బట్టల మీద పడే ఊళ్లో, థర్మల్ కేంద్రం పొగగొట్టాలను చూసి గాలి ఎటు వీస్తోందో చెప్పుకునే చంద్రపూర్‌లో, మూసేసిన గని ముందు ఆగిపోయిన కన్వేయర్ బెల్టును చూసినవారికి ఈ చీకటిని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. మా గదిలో దీనిని విషాదం అన్నవారికన్నా తెలిసిన ప్రదేశం అన్నవారే ఎక్కువ.

తర్వాత ఏది వినాలి?

2000లో వచ్చిన లిఫ్ట్ యువర్ స్కిన్నీ ఫిస్ట్స్ లైక్ ఆంటెన్నాస్ టు హెవెన్ అనే జంట ఆల్బమ్. చాలామంది దానినే వీరి శిఖరం అంటారు. నా మటుకు నాకు అది ఎక్కువ వెలుతురు ఉన్నది, ఎక్కువ మెరుగుపెట్టినది. గరుకుతనం కావాలంటే మొదటిదే. 1999 నాటి స్లో రయట్ ఫర్ న్యూ జీరో కెనడా అర్ధగంట లోపే అయిపోతుంది కనుక, సమయం లేనివారు దానితో సరిపెట్టుకోవచ్చు.

బ్యాండ్ ఇప్పటికీ ఉందా?

ఉంది. 2003 తర్వాత కొన్నేళ్లు విరామం తీసుకుని, 2010లో తిరిగి వేదిక ఎక్కారు. తర్వాత వచ్చిన అలెలూయా! డోంట్ బెండ్! అసెండ్! ఆల్బమ్‌కు 2013లో కెనడా వారి పొలారిస్ బహుమతి దక్కితే, ఆ వేడుకకు పెట్టిన ఖర్చును బహిరంగంగానే విమర్శించి, వచ్చిన సొమ్ముతో కెబెక్ జైళ్లలోని ఖైదీలకు వాయిద్యాలు కొనిస్తామని ప్రకటించారు. వేదిక మీద ఇప్పటికీ దాదాపు చీకట్లోనే కూర్చుని వాయిస్తారు. వెలుగంతా వెనక తెర మీద 16 ఎంఎం ప్రొజెక్టర్లతో తిప్పే ఫిల్ము ముక్కలది.

మా ఊళ్లో మేమూ ఇలాంటిది చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫోనులో రికార్డరుతో. వార్ధా వంతెన మీద లారీ పోతే ఇనుము మోగే తీరు, మిల్లు సైరన్, తెల్లవారుజామున కూరగాయల బేరం, వీటిని నాలుగైదు నిమిషాల చొప్పున కదలకుండా పట్టుకోండి. వాటి కింద ఒకే శ్రుతిని హార్మోనియం మీద నిలబెట్టి, రెండు మూడు స్వరాలకు మించకుండా ఒక వరుసను ఇరవై సార్లు వాయించండి, ప్రతిసారీ రవ్వంత గట్టిగా. పదవసారికి మీకే విసుగు వస్తుంది. ఆ విసుగు దాటి పదిహేనవసారికి ఏదో ఒకటి మారుతుంది, అక్కడి నుంచి సంగీతం మొదలవుతుంది. రికార్డు చేయడానికి పట్టాల మీదికి మాత్రం దిగవద్దు. అది నేరం, పైగా కరెంటు ఇంజను చప్పుడు దగ్గరికి వచ్చేవరకూ తెలియదు.

## కొనాలనుకునేవారికి

డబ్బిచ్చి వినాలంటే ఎక్కడ దొరుకుతుంది?

పాటలు అమ్మే బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైటులో కాన్‌స్టలేషన్ సంస్థ పేజీ అన్నిటికన్నా సూటి దారి, కళాకారులకు సొమ్ము చేరేదీ అక్కడే. ఒకసారి కొంటే ఫైలు మీ దగ్గరే ఉంటుంది. స్ట్రీమింగ్ యాప్‌లలో ఈరోజు ఉన్న ఆల్బమ్ రేపు ఉంటుందన్న భరోసా లేదు. ఎల్పీ విదేశం నుంచి తెప్పించుకుంటే రికార్డు ధర కన్నా తపాలా, కస్టమ్స్ సుంకం ఎక్కువ కావచ్చు. నలుగురు కలిసి ఒకే పార్సెల్‌లో తెప్పించుకోవడం మేలు.

ఎల్పీ అట్టలో నలిగిన నాణెం ఉంటుందట. నిజమా, ఎవరో కట్టిన కథా?

నిజం. అట్ట ముందు వైపు ఒక ఫోటోను చేత్తో అంటించారు. లోపల ఒక చిన్న కవరులో కొన్ని అచ్చు కాగితాలతో పాటు, రైలు కింద పెట్టి నలిపిన కెనడా పెన్నీ ఒకటి ఉంటుంది. మొదటి ప్రతులను బ్యాండ్ వారూ, మిత్రులూ కూర్చుని ఒక్కొక్కటిగా చేత్తో సర్దారు. కెనడా 2013లో పెన్నీల పంపిణీనే ఆపేసింది కనుక ఇప్పుడు అది చెలామణి తప్పిన డబ్బు. పాత ప్రతి కొనేటప్పుడు కవరు ఉందో లేదో ముందే అడగండి. నేను మొదట కొన్న సెకండ్ హ్యాండ్ ప్రతిలో రికార్డు శుభ్రంగా ఉంది, నాణెం లేదు. అమ్మినతను ఆ సంగతి చెప్పలేదు, నాకు అడగాలని తెలియలేదు.

రైల్వే క్వార్టర్లలో పెరిగినవారెవరికైనా ఆ నాణెం చూడగానే నవ్వు వస్తుంది. మా చిన్నప్పుడు అంచులు వంకీలుగా ఉండే అల్యూమినియం పది పైసల బిళ్ళను పట్టా మీద పెట్టి, గుట్ట మీద కూర్చుని జీటీ ఎక్స్‌ప్రెస్ రైలు కోసం చూసేవాళ్లం. ఇంజను ముందు చక్రానికే అది ఎగిరి కంకరలో పడేది. బండంతా పోయాక వెదికితే సగం సార్లు దొరికేది కాదు, దొరికితే కాసేపు వేడిగా ఉండేది, అంకె మాయమై అంచు బ్లేడులా పదునుగా ఉండేది. ఎవరి బిళ్ళ పెద్దదైందో కొలుచుకునేవాళ్లం. నాన్నకు తెలిసిన రోజున పడ్డ దెబ్బలూ గుర్తున్నాయి, ఆ దెబ్బలు న్యాయమైనవే కనుక ఇప్పటి పిల్లలెవరూ ఆ పని చేయకూడదు.

రెండవసారి కొన్న ప్రతిలో నాణెం ఉంది. అలమరలో దాని పక్కనే నా పది పైసల బిళ్ళ కూడా పెట్టాను. వచ్చినవాళ్లు అడిగితే రెండూ అరచేతిలో పెట్టి చూపిస్తాను. రెంటి మీదా అంకెలు చదవడానికి లేవు. కళ్లు మూసుకుని పట్టుకున్నా ఏది ఎక్కడిదో తెలుస్తుంది, పెన్నీ బరువు ఎక్కువ.